పైపు వంచడం నేర్చుకున్న కథ

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో జరిగిన తెలుగువారి వార్షిక సమావేశంలో, ఐ.టి.ఐ. విద్యార్థులను, మాజీ సైనికులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

— సుబేదార్ (రిటైర్డ్), కోర్ ఆఫ్ ఇంజనీర్స్



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "సుబేదార్ గారూ, మీ సర్వీసు అనుభవాలు చెప్పండి, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది" అన్నారు. యుద్ధం కథలు చెప్తాననుకుని ఉంటారు. నేను మద్రాస్ శాపర్స్‌లో ఎలక్ట్రీషియన్‌ని. 1988లో భర్తీ అయ్యి 2016లో రిటైరయ్యాను. ఆ 28 ఏళ్ళలో నా చేతిలో రైఫిల్ కన్నా కటింగ్ ప్లేయరే ఎక్కువ సేపు ఉంది. అందుచేత నాకు బాగా తెలిసిన విషయమే చెప్తాను. కరెంటు వైర్లు వేసే పైపుని సరిగ్గా, తొందరగా, పాడుచెయ్యకుండా వంచడం ఎలా అన్నది ఈరోజు నా విషయం. ఇది కూడా ఒక ప్రసంగమా అని నవ్వుకోకండి. పూర్తిగా విన్నాక నవ్వాలనిపిస్తే నవ్వండి.

మనందరం ఇక్కడికి ఎలా వచ్చామో పెద్దవాళ్ళకి తెలుసు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడింది. ఆ రైలు పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మన తాతలు ఖరగ్‌పూర్ దాకా, ఈ బిలాస్‌పూర్ దాకా పనికోసం వచ్చారు. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయ్యింది. 2003లో బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ముఖ్య కేంద్రమయ్యింది. మా నాన్న టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో ఖలాసీగా చేరారు. నేను బుధవారీ బజార్ సందుల్లో ఆడుకుని పెరిగాను. టెన్త్ అయ్యాక నన్ను మా అమ్మమ్మ ఇంటికి పంపించి టెక్కలిలో ఇంటర్మీడియట్ చదివించారు. నా చదువు అంతటితో సరి. మా తాతల చేతి పనే మనల్ని ఇక్కడ నిలబెట్టింది. చేతి పని చిన్నదని ఎవరైనా అంటే ఈ కాలనీ కేసి చూపించండి.

ఇప్పుడు అసలు సంగతి.

1991 వర్షాకాలం. ఉత్తరాదిలో ఒక కంటోన్మెంటు, పేరు అనవసరం. నాకు ట్రేడ్ ట్రైనింగ్ అయ్యి రెండేళ్ళు. మా యూనిట్ లంగర్‌కి, అంటే వంటశాలకి, కొత్త వైరింగు వేస్తున్నాం. గోడకి గాడి కొట్టి ప్లాస్టిక్ పైపు లోపల పెట్టి, పైన సిమెంటు పూసే పని. ఒక మూల దగ్గర పైపు వంచాలి. స్ప్రింగు వేరే చోట ఉంది. ఎవరు తెస్తారులే అని బ్లో ల్యాంపు మంట మీద పైపుని కాల్చి వంచేశాను. మూల దగ్గర పైపు నొక్కుకుపోయింది. చూశాను. చూసి కూడా, సిమెంటు పూస్తే కనపడదు కదా అనుకున్నాను.

మర్నాడు వైర్లు లాగితే అక్కడ పట్టేసింది. నేనూ, ఇంకో జవానూ కాళ్ళు గోడకి తన్నిపట్టి లాగాం. వచ్చాయి. ఆ లాగుడులో ఒక వైరు తోలు ఊడిందని గానీ, ఎర్త్ వైరు లోపలే తెగిందని గానీ మాకు తెలియదు. మెగ్గర్ పెట్టి చూడలేదు. బల్బు వెలిగింది, పని అయ్యిందనుకున్నాం.

నెల్లాళ్ళకి వానలు పట్టాయి. గోడ చెమ్మగిల్లింది. తోలు ఊడిన వైరు నుంచి కరెంటు చెమ్మలోకి, దాన్నుంచి స్విచ్చుల ఇనప పెట్టెలోకి వచ్చింది. ఫ్యూజు కొట్టేసేంత కరెంటు కాదు. ఎర్త్ వైరు తెగింది కాబట్టి భూమిలోకి పోయే దారి లేదు. మనిషి చెయ్యి తగిలితే ఆ మనిషే దారి. తెల్లవారుజామున నాలుగింటికి మా వంటవాడు తడి చేత్తో లైటు వెయ్యబోయాడు. విసిరికొట్టింది. ప్రాణం పోలేదు, దేవుడి దయ. కాని అరుగు మీద పడి కుడి మణికట్టు విరిగింది.

అందరూ పాత బిల్డింగు, వానకి అలా అయ్యిందన్నారు. నాకు మాత్రం తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు రాత్రి మా ఉస్తాద్ దగ్గరకు వెళ్ళి చెప్పేశాను. ఉస్తాద్ అంటే మిలట్రీలో పని నేర్పే హవల్దార్. ఆయన తమిళుడు, వేలూరు వైపు మనిషి. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "తంబీ, పొద్దున్న ఉలీ సుత్తీ పట్టుకు రా" అన్నాడు.

పొద్దున్న ఆ మూలని నా చేతే పగలగొట్టించాడు. నొక్కుకుపోయిన ముక్కని కోసి నా చేతిలో పెట్టాడు. తరవాత నన్ను కంపెనీ కమాండరు ముందు నిలబెట్టారు. నిజం ఒప్పుకున్నందుకు ఏడు రోజుల శిక్షతో వదిలారు. అసలు శిక్ష ఉస్తాద్ ఇచ్చాడు. నెల రోజులు రోజూ సాయంత్రం ఆటల టైంలో నేను పైపులు వంచాలి. పాడైన ముక్కలు, కోసిన తుంటలు అన్నీ నాకే. ఆ నెలలో నేర్చుకున్నదే మీకిప్పుడు చెప్తున్నాను.

మొదటి పాఠం: పైపు పట్టుకోక ముందు దారి చూడు. ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలి, మధ్యలో బీము ఉందా, నీళ్ళ పైపు ఉందా, బాక్సు ఎక్కడ పెడితే ఒక వంపు తగ్గుతుంది. పావుగంట నడిచి చూస్తే రెండు గంటల పని మిగులుతుంది. ఉస్తాద్ సుద్దముక్కతో నేల మీద అసలు కొలతకే బొమ్మ గీసేవాడు. వంచిన పైపుని ఆ గీత మీద పెడితే తప్పు ఇట్టే కనపడుతుంది.

రెండో పాఠం: వంపులు లెక్కపెట్టు. మన దేశంలో వైరింగు నియమాల ప్రకారం ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టె దాకా నాలుగు లంబకోణపు వంపులకు మించకూడదు. నన్నడిగితే రెండు దాటితే మధ్యలో ఒక బాక్సు పెట్టెయ్యండి. ఎందుకో చెప్తాను. మన ఊళ్ళో కోడెదూడని కట్టడం చూశారు కదా. తాడు ఉత్తినే పట్టుకుంటే మనిషిని ఈడ్చుకుపోతుంది. అదే తాడుని కట్టుకొయ్యకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే చిన్నపిల్లాడు కూడా ఆపగలడు. చుట్టు చుట్టుకీ రాపిడి కలుస్తూ కాదు, హెచ్చవేస్తూ పోతుంది. పైపులో వైరుకీ అదే జరుగుతుంది. మామూలు రాపిడితో ఒక్కో లంబకోణపు వంపు దగ్గర లాగే బలం సుమారు రెట్టింపవుతుంది. ఒక వంపుకి రెండు రెట్లు, రెండింటికి నాలుగు, మూడింటికి ఎనిమిది, నాలుగింటికి పదహారు. అప్పుడు మనిషి కాళ్ళు గోడకి తన్నిపడతాడు, నేను తన్నిపట్టినట్టు.

ఇంకో కిటుకు కూడా ఇందులోనే ఉంది. వంపులు ఒక కొసకి దగ్గరగా ఉంటే, ఆ కొస నుంచి వైరు లోపలికి పెట్టి, అవతలి కొస నుంచి లాగండి. వంపు దగ్గరకు వచ్చేసరికి వెనక వైరు బరువు తక్కువ ఉంటుంది కాబట్టి రెట్టింపయ్యేది తక్కువ. తిరగేసి లాగితే పొడుగు వైరు బరువంతా రెట్టింపవుతుంది. ఒకే పైపు, అవే వైర్లు, కాని చేతులకి తేడా తెలుస్తుంది.

మూడో పాఠం: వంపు గుండ్రంగా, విశాలంగా ఉండాలి. లోపలి వ్యాసార్థం 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నియమం. ఇరుకు వంపైతే వైరు లోపలి అంచుకి ఒరుసుకుని తోలు ఊడుతుంది. విశాలంగా ఉంటే ఆ ఒత్తిడి ఎక్కువ మేర పంచుకుంటుంది. ఇటుక మీద అంచు మోపితే నలుగుతుంది, పలక మోపితే నలగదు, అంతే.

నాలుగో పాఠం: కొలత. ఇక్కడే కొత్తవాళ్ళు పైపు పాడుచేస్తారు. పైపు మూల దాకా వెళ్ళి తిరగదు, మూలని కోసుకుని గుండ్రంగా పోతుంది. కాబట్టి కొంచెం పొడవు మిగులుతుంది. 20 మిల్లీమీటర్ల పైపు తీసుకోండి. లోపలి వ్యాసార్థం 75, పైపులో సగం 10, కలిపి మధ్యగీతకి 85 మిల్లీమీటర్లు. మూల దాకా వెళ్ళి వస్తే 85, 85 కలిపి 170. కాని గుండ్రటి దారి 85ని 1.57తో హెచ్చవేస్తే సుమారు 133. అంటే వంపుకి మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు మిగులుతుంది. ఒకపక్క మూల దాకా 60 సెంటీమీటర్లు, మూల నుంచి ఇంకోపక్క 40 కావాలంటే పైపు 100 కొయ్యకండి. 96న్నర కోస్తే చాలు. వంపు 60 దగ్గర కాదు, 51న్నర దగ్గర మొదలవుతుంది. ఒకటి రెండుసార్లు లెక్క వేసి చూస్తే తరవాత కంటికే అలవాటవుతుంది.

ఐదో పాఠం: స్ప్రింగు. ప్లాస్టిక్ పైపుని ఉత్తినే వంచితే గడ్డిపోచలా నొక్కుకుపోతుంది. లోపల స్టీలు స్ప్రింగు పెడితే నొక్కుకోదు. పైపు సైజుకి తగ్గ స్ప్రింగే వాడాలి. మందం పైపుకీ పల్చటి పైపుకీ లోపలి రంధ్రం వేరు. వదులు స్ప్రింగు ఉన్నా లేనట్టే. స్ప్రింగు కొసకి తాడు కట్టి, వంపు వచ్చే చోటు దాకా తాడు కొలిచి ముడి వేసుకోండి. పొడుగు పైపులో స్ప్రింగు ఎక్కడుందో ముడి చెప్తుంది. తరవాత మోకాలికి ఆనించి, రెండు చేతులూ దూరంగా పట్టుకుని మెల్లగా వంచాలి. ఒక్క ఊపున వద్దు. ఉస్తాద్ ఎప్పుడూ అనేవాడు, "తంబీ, పైపుతో దెబ్బలాడకు, బతిమాలు" అని. వదిలితే కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి కావలసినదానికన్నా ఓ పిసరు ఎక్కువ వంచి, పది అంకెలు లెక్కపెట్టేదాకా అలాగే పట్టుకోండి. స్ప్రింగు రాకపోతే గుంజకండి. చుట్లు బిగుసుకునే వైపు మెలి తిప్పితే సన్నబడి దానంతటదే వస్తుంది. వంపు బయటి వైపు తెల్లగా తేలితే ఆ ముక్క పనికిరాదు, పారెయ్యండి. ఒక పైపు ముక్క కోసం గోడలో పాపం దాచుకోవద్దు.

ఆరో పాఠం: రుతువు చూసుకో. ఇక్కడ బిలాస్‌పూర్‌లో మే నెల ఎండ మీకు చెప్పాలా. ఎండలో పడేసిన పైపు అరటిదూటలా మెత్తబడుతుంది. అప్పుడు వంచితే ఎక్కువ వంగిపోతుంది. నీడలో పెట్టి వాడండి. జనవరి పొద్దున్న అదే పైపు పెళుసుగా ఉంటుంది. గుడ్డతో గట్టిగా రుద్ది వెచ్చబరిచి వంచండి. లడఖ్‌లో పనిచేసినప్పుడు ప్లాస్టిక్ పైపు గాజులా పగిలేది. బుఖారీ పొయ్యి పక్కన గంటసేపు ఉంచి గానీ ముట్టుకునేవాళ్ళం కాదు. లావు పైపులైతే పొడి ఇసుక నింపి, కొసలు మూసి, వేడి గాలితో అన్ని పక్కలా సమానంగా తిప్పుతూ వెచ్చబరచాలి. నేరుగా మంట పెట్టకండి. మంట పెట్టినవాడిని మీ ఎదురుగానే నిలబడి ఉన్నాను.

ఏడో పాఠం: పైపుని పక్కకి జరపడం. గోడ మీద పోతున్న పైపు ఒక బీము దగ్గర 10 సెంటీమీటర్లు బయటికి జరగాలనుకోండి. దానికి రెండు వంపులు కావాలి. 30 డిగ్రీలు వంచితే రెండు గుర్తుల మధ్య దూరం జరగవలసిన దూరానికి రెట్టింపు, అంటే 20. 45 డిగ్రీలైతే ఒకటికి 1.4 చొప్పున 14. ఇది మంత్రం కాదు. ఇంటర్లో సైన్ 30 అంటే సగం అని బట్టీ పట్టాను. అది దేనికి పనికొస్తుందో లెక్చరర్ గారు చెప్పినా నాకు ఎక్కలేదు. ఉస్తాద్ చేతిలో పైపు చెప్పింది. ఏటవాలు 20, ఎత్తు 10 అయితే అడుగు పొడవు ఎంత? 400లోంచి 100 తీస్తే 300, దాని వర్గమూలం 17.3. అంటే 20 సెంటీమీటర్ల పైపు 17.3 మేరే ముందుకు వెళ్ళింది. 2.7 తరిగింది. ఆ తరుగు ముందే కలుపుకోకపోతే పైపు బాక్సు దాకా అందదు. అడ్డంగా ఉన్న నీళ్ళ పైపుని దాటాలంటే మధ్యలో 45, రెండు పక్కలా ఇరవై రెండున్నర డిగ్రీలు. మధ్య గుర్తు నుంచి పక్క గుర్తులు ఎత్తుకి 2.6 రెట్లు దూరంలో పెట్టండి. ఈ మూడు అంకెలు, 2, 1.4, 2.6, అట్టముక్క మీద రాసి జేబులో పెట్టుకోండి. అదే మీ డిప్లొమా.

ఎనిమిదో పాఠం: ఇనప పైపు. ఫ్యాక్టరీల్లో, లోకో షెడ్లలో మీకిది తగులుతుంది. దాని మీద వెల్డింగు అతుకు గీత ఉంటుంది. వంచేటప్పుడు ఆ గీత పక్కకి ఉండాలి. బయటివైపు ఉంటే సాగి విచ్చుకుంటుంది, లోపలివైపు ఉంటే ముడత పడుతుంది. మెషీను లేకపోతే గట్టి కలప దిమ్మకి పైపు కన్నా కాస్త పెద్ద రంధ్రం చేసి, అంచులు గుండ్రంగా అరగదీసి, అందులో దూర్చి వంచేవాళ్ళం. ఒకేచోట వంచకూడదు. వేలెడు జరిపి కొంచెం, మళ్ళీ జరిపి కొంచెం. కోసిన కొసల్ని ఆకురాయితో తప్పక నున్నగా చెయ్యాలి. లోపలి ముల్లు బ్లేడులా వైరు తోలు చీరేస్తుంది.

తొందరగా చెయ్యడం గురించి ఒక్క మాట. ఒకేలాంటి వంపులు ఇరవై కావాలంటే ఇరవైసార్లు కొలవకండి. చెక్కపలక మీద ఒక మంచి వంపు గీసి మేకులు కొట్టి అచ్చు చేసుకోండి. ముందు అన్నీ గుర్తు పెట్టుకోవడం, తరవాత అన్నీ వంచడం, తరవాత అన్నీ బిగించడం. పరిగెత్తినవాడి కన్నా మళ్ళీ చెయ్యవలసిన అవసరం లేనివాడే తొందరగా చేసినవాడు.

ఆఖరి పాఠం: పైపు నిండా వైర్లు కుక్కకండి. మన నియమాల పట్టికలో తిన్నటి దారికి ఒక వరస, వంపులున్న దారికి ఇంకో వరస ఉంటాయి. వంపులున్నచోట అంకె తక్కువ ఉంటుంది. పని అయ్యాక 500 వోల్టుల మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడండి. ఎర్త్ వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉందో లేదో చూడండి. ఇప్పుడు 30 మిల్లీ ఆంపియర్లకే కొట్టేసే స్విచ్చులు వచ్చాయి. అవి తప్పక పెట్టించండి. కాని స్విచ్చు ఉందిలే అని వంపు పాడుచెయ్యకండి.

చివరగా ఆ వంటవాడి సంగతి చెప్పి ముగిస్తాను. రెండు నెలలకి కట్టు విప్పారు. నేను వెళ్ళి క్షమించమని అడిగాను. అతను నవ్వి, "నువ్వు చెప్పావు కాబట్టి తెలిసింది, లేకపోతే నా ఖర్మ అనుకునేవాడిని" అన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె పెట్టాడు. కాని పిండి పిసికేటప్పుడు ఆ చెయ్యి మునుపటిలా తిరగడం లేదు. ఎడం చేత్తో సాయం పట్టి పిసికేవాడు. నేను ఆ యూనిట్‌లో ఉన్నన్నాళ్ళూ రోజూ ఆ రొట్టెలే తిన్నాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో మా ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈరోజు మీకు చెప్పాను.

నొక్కుకుపోయిన ఆ పైపు ముక్కని ఇన్నేళ్ళూ నా టూల్ పెట్టెలోనే ఉంచుకున్నాను. ఇదిగో, తెచ్చాను. ముందు వరుస నుంచి అందరూ చేతులు మార్చి చూడండి. పైనుంచి చూస్తే పెద్ద తప్పేమీ కనపడదు. లోపల వేలు పెట్టి చూడండి. వేలు ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆ మనిషి చెయ్యి విరిగింది.

తమ్ముళ్ళూ, మీరు చేసే పనిలో మూడొంతులు గోడలోపలే ఉంటుంది. ఇంటివాళ్ళు చూడరు, కాంట్రాక్టరు చూడడు, ఇనస్పెక్టరు కూడా అన్నీ చూడలేడు. కనపడని పని మీద కూడా కనపడే పని మీదున్నంత శ్రద్ధ పెట్టండి. వచ్చే ఆదివారం నుంచి మా ఇంటి వరండాలో పైపులు, రెండు స్ప్రింగులు, ఒక మెగ్గర్ పెట్టి ఉంచుతాను. రావాలనుకున్నవాళ్ళు రండి. ఫీజు లేదు. ఎవరి తుంటలు వాళ్ళే తెచ్చుకోండి.

జై హింద్.